చపాతీకి చలి పడదు, చికెన్‌కు వెచ్చదనం పడదు

లంచ్ బాక్స్‌లో సర్దే చికెన్ రోల్ వెనుక ఉన్న సైన్సు

ఉదయం 8 గంటలకు మూత పెట్టిన లంచ్ బాక్స్ మళ్లీ తెరుచుకునేది మధ్యాహ్నం 1 గంటకే. ఈలోగా అది స్కూలు బస్సులోనో, స్కూటరు డిక్కీలోనో, ఆఫీసు బల్ల కిందో ఉంటుంది. పొద్దున్నే అన్నం, పప్పు, కూర అన్నీ వండి సర్దే తీరిక లేని ఇళ్లలో చపాతీలో చికెన్, కూరగాయల ముక్కలు పెట్టి చుట్టే రోల్ ఇప్పుడు మామూలు భోజనమైపోయింది. చేయడం సులువు, తినడం ఇంకా సులువు. పిల్లలకు ఇష్టం కూడా.

అయితే ఆ రోల్ మీద రెండు ఫిర్యాదులు వినిపిస్తుంటాయి. ఒకటి, చపాతీ అయితే తోలులా సాగుతోంది, లేదంటే తడిసి చిరిగిపోతోంది. రెండు, డబ్బా తెరిచేసరికి చికెన్ ఏదో వాసన వస్తోంది. మొదటిది రుచికి సంబంధించిన సమస్య. రెండోది ఆరోగ్య సమస్య. కలుషితాహారం వల్ల ప్రపంచంలో ఏటా దాదాపు 60 కోట్ల మంది జబ్బుపడుతున్నారని, 4.2 లక్షల మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. ఆ మృతుల్లో దాదాపు మూడో వంతు ఐదేళ్లలోపు పిల్లలే.

ఈ రెండు ఫిర్యాదులకూ మూలం ఒక్కటే. చపాతీకి, చికెన్‌కు కావలసిన ఉష్ణోగ్రతలు వేరు. వాటిని పొద్దున్నే ఒకదానిలో ఒకటి చుట్టేసి, ఐదు గంటలు కలిపి ఉంచుతున్నాం.

పెనం మీది రోల్ వేరు, డబ్బాలోది వేరు

మన దేశంలో ఈ తరహా వంటకానికి పేరు తెచ్చింది కోల్‌కతా. అక్కడి న్యూ మార్కెట్ ప్రాంతంలోని నిజామ్స్ హోటల్‌తో ‘కాఠీ రోల్’ పేరు ముడిపడి ఉంది. బెంగాలీలో కాఠీ అంటే పుల్ల. పుల్లకు గుచ్చి కాల్చిన మాంసాన్ని వేడి పరాఠాలో చుట్టి, కాగితంలో పెట్టి చేతికిస్తారు. కొన్నవాళ్లు అక్కడే నిలబడి తినేస్తారు. పెనం మీది నుంచి నోట్లోకి వెళ్లడానికి కొద్ది నిమిషాలే పడుతుంది కాబట్టి అక్కడ నిల్వ అనే ప్రశ్నే రాదు. అదే వంటకాన్ని లంచ్ బాక్స్‌లోకి తెచ్చినప్పుడు మాత్రం కాలం, ఉష్ణోగ్రత, తేమ ఈ మూడింటి లెక్క చూసుకోవాలి.

ఒక రోల్‌లో ఎంత బలం?

ముందుగా పోషకాల సంగతి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2020లో విడుదల చేసిన సిఫారసుల ప్రకారం పెద్దవాళ్లకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి ఇది సుమారు 50 గ్రాములు. ఎముకలు, చర్మం లేని 100 గ్రాముల పచ్చి చికెన్‌లో దాదాపు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. 60 గ్రాముల గోధుమ పిండితో చేసిన రెండు చపాతీల నుంచి మరో 6 గ్రాములు వస్తుంది. రెండు చెంచాల గట్టి పెరుగు కూడా కలిస్తే, రోజుకు కావలసిన ప్రొటీన్‌లో సగానికి పైగా ఒక్క పూటలోనే అందుతుంది.

పీచు విషయంలో పిండి ఎంపిక ముఖ్యం. 100 గ్రాముల గోధుమ పిండిలో దాదాపు 11 గ్రాముల పీచు ఉంటే, మైదాలో 3 గ్రాముల లోపే ఉంటుంది. భోజనం పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలన్నది ఎన్‌ఐఎన్ మాట. అందుకే చికెన్‌తో సమానంగానైనా క్యాబేజీ, క్యారెట్, క్యాప్సికం ముక్కలు వేసుకోవాలి.

మయోనైజ్ బదులు పలుచటి గుడ్డలో వడకట్టిన పెరుగు వాడితే నూనె తగ్గుతుంది. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌లో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండే ప్రమాదం ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో అలాంటి మయోనైజ్‌పై ఏడాదిపాటు నిషేధం విధించింది.

సన్నగా తరిగితే వేగంగా ఉడుకుతుంది

వంట త్వరగా కావాలంటే మంట పెంచడం కాదు, ముక్క మందం తగ్గించాలి. వేడి పైనుంచి ముక్క మధ్యకు చేరడానికి పట్టే సమయం దాని మందం వర్గానికి అనులోమంగా ఉంటుంది. అంటే మందం సగమైతే సమయం దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది. ఒక సెంటీమీటరు మందాన పొడవుగా తరిగిన చికెన్ వెడల్పాటి పెనం మీద ఆరేడు నిమిషాల్లో ఉడికిపోతుంది.

ముక్కలకు ఉప్పు, పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, పసుపు పట్టించి కాసేపు ఫ్రిజ్‌లో ఉంచుతాం. ఇందులో ఎక్కువ పని చేసేది ఉప్పే. అది కండరాల ప్రొటీన్లను కొంత వదులు చేసి, ఉడికేటప్పుడు నీటిని పట్టి ఉంచేలా చేస్తుంది. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం పైపొరను మెత్తబరుస్తుంది. మసాలా మాత్రం కొన్ని మిల్లీమీటర్లకు మించి లోపలికి దిగదు. సన్నటి ముక్కలకు రుచి బాగా పట్టినట్టు అనిపించడానికి కారణం ఇదే.

పెనం నిండా ముక్కలు కుక్కితే అవి వేగవు, నీరు ఊరి ఉడుకుతాయి. మాంసం పైభాగం గోధుమ రంగుకు తిరిగి కమ్మటి వాసన రావడానికి కారణమైన మెయిలార్డ్ చర్య సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఊపందుకుంటుంది. ముక్క మీద తడి ఉన్నంతసేపు ఉపరితలం 100 డిగ్రీలు దాటదు. పైగా నీటిని గది ఉష్ణోగ్రత నుంచి మరిగే దాకా తేవడానికి పట్టే వేడికి దాదాపు ఏడు రెట్లు దాన్ని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. కాబట్టి రెండు విడతలుగా వేయించడమే త్వరగా అయ్యే పద్ధతి.

ఎంతవరకు ఉడకాలి? మాంసం మధ్య భాగం కనీసం 70 డిగ్రీలకు చేరాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కోడి మాంసానికి అమెరికా వ్యవసాయ శాఖ ఇచ్చే అంకె 74 డిగ్రీలు. అంతకు మించి చాలాసేపు ఉంచితే ప్రొటీన్లు బిగుసుకుని నీటిని వదిలేస్తాయి, ముక్క పీచులా మారుతుంది. రంగు ఒక్కటే చూసి ఉడికిందని అనుకోవడం సరికాదు. వంటకు వాడే థర్మామీటర్ ఉంటే మంచిది. లేకపోతే ముక్కలు సన్నగా తరిగి, లోపలి దాకా తెల్లబడ్డాక మూతపెట్టి మరో రెండు నిమిషాలు ఉంచడం మేలు.

కుళాయి కింద కడిగితే

తెచ్చిన చికెన్‌ను కుళాయి కింద పెట్టి జోరుగా కడగడం చాలా ఇళ్లలో అలవాటు. దీన్ని అమెరికాలోని మోంటానా స్టేట్ యూనివర్సిటీకి చెందిన పరిశోధకులు భౌతికశాస్త్ర దృష్టితో పరిశీలించి, 2022లో ‘ఫిజిక్స్ ఆఫ్ ఫ్లూయిడ్స్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. కుళాయి ఎంత ఎత్తులో ఉంటే నీళ్లు అంత ఎక్కువ చిందుతాయి. మాంసం మెత్తగా ఉండటంతో ధార పడిన చోట చిన్న గుంట పడి, చిందడం ఇంకా పెరుగుతుంది. ఆ తుంపరల్లో బ్యాక్టీరియా కూడా ఉంటుంది.

చికెన్ ఉడికితే దాని మీది బ్యాక్టీరియా చస్తుంది. పక్కనే తరిగిపెట్టిన క్యారెట్ మీద, కీర దోస మీద పడిన బ్యాక్టీరియా మాత్రం అలాగే రోల్‌లోకి చేరుతుంది. కడగకపోతే మనసొప్పదనుకుంటే, గిన్నెలో నీళ్లు పోసి చిందకుండా నెమ్మదిగా కడిగి, సింకునూ చేతులనూ సబ్బుతో శుభ్రం చేసుకోవాలి. కూరగాయలు ముందే తరిగి పక్కన పెట్టేసుకుని, చికెన్ పని చివర పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఐదు గంటల లెక్క

బాగా ఉడికించాక ఇక భయం దేనికి? ఉడికిన మాంసాన్ని చేత్తో చుట్టేటప్పుడు చర్మం మీది స్టెఫైలోకాకస్ ఆరియస్ వంటి బ్యాక్టీరియా మళ్లీ చేరవచ్చు. బాసిల్లస్ సెరియస్ లాంటి వాటి సిద్ధబీజాలు మామూలు వంట వేడిని తట్టుకుంటాయి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఇవి పెరగగలవు. వేసవిలో మన లంచ్ బాక్స్ లోపల ఉండే 35, 40 డిగ్రీలు వాటికి ఎంతో అనుకూలం.

అనుకూల పరిస్థితుల్లో ఒక బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెండవుతుందనుకుందాం. ఐదు గంటల్లో 15 సార్లు రెట్టింపవుతుంది. ఒకటి 32,768 అవుతుంది. వందతో మొదలైతే 32 లక్షలు దాటుతుంది. ప్రతి డబ్బాలోనూ ఇంత వేగంగా జరగకపోవచ్చు గానీ, గంటలు గడిచేకొద్దీ ప్రమాదం ఎందుకు అంతగా పెరుగుతుందో ఈ లెక్క చెబుతుంది. వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనడానికి కారణం ఇదే. బయట 32 డిగ్రీలు దాటితే ఆ గడువు గంటే అంటుంది అమెరికా వ్యవసాయ శాఖ.

తినేముందు మైక్రోవేవ్‌లో వేడి చేస్తే సరిపోదా? బ్యాక్టీరియా చావొచ్చు. కానీ స్టెఫైలోకాకస్ అప్పటికే విడుదల చేసిన విషపదార్థం మరిగించినా పూర్తిగా నశించదు. కాబట్టి అది పెరిగే అవకాశం ఇవ్వకపోవడమే మార్గం. అంటే చికెన్‌ను చల్లగా ఉంచాలి.

చల్లబడితే చపాతీ ఎందుకు బిగుస్తుంది?

ఇక్కడే చపాతీ అడ్డం తిరుగుతుంది. పిండిలో నీళ్లు కలిపి పిసికినప్పుడు గ్లూటెనిన్, గ్లయాడిన్ అనే ప్రొటీన్లు కలిసి గ్లూటెన్ అనే సాగే వల తయారవుతుంది. ముద్దను 20, 30 నిమిషాలు నాననిస్తే ఆ వల బిగువు సడలి, చపాతీ సులువుగా సాగుతుంది. పెనం మీద వేడికి పిండి పదార్థం రేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. చపాతీకి మెత్తదనం అలా వస్తుంది.

చల్లారేకొద్దీ ఆ పిండి పదార్థపు అణువులు మళ్లీ వరుసకట్టి స్ఫటికాల్లా బిగుసుకుంటాయి. దీన్ని రెట్రోగ్రేడేషన్ అంటారు. ఫ్రిజ్‌లో ఉండే 4 డిగ్రీల దగ్గర ఈ మార్పు చాలా వేగంగా సాగుతుంది. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టిన చపాతీ పొద్దున అట్టముక్కలా ఉండటం అందుకే. పెనం మీద మళ్లీ వేడి చేస్తే మెత్తబడుతుంది గానీ, స్కూల్లో పెనం ఎక్కడిది?

పోనీ వేడివేడిగా చుట్టేద్దామంటే, చికెన్ నుంచి వచ్చే ఆవిరి మూతకు తగిలి నీరై చపాతీని తడిపేస్తుంది. ఉప్పు తగిలిన కీర దోస, టమాటా ముక్కలు కూడా నీరు వదులుతాయి.

విడిగా సర్ది, తినేటప్పుడు చుట్టుకుంటే

కాబట్టి పరిష్కారం వంటలో కన్నా సర్దడంలోనే ఉంది. చపాతీని, చికెన్‌ను విడివిడిగా పెట్టి, తినేముందు చుట్టుకోవాలి. ఎనిమిదేళ్ల పిల్లలు కూడా ఆ పని అర నిమిషంలో చేసుకోగలరు.

ముందురోజు రాత్రి చికెన్ వేయించి, వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి ఆరబెట్టాలి. లోతు గిన్నెలో కుప్పగా ఉంచితే మధ్యలో గంటలకొద్దీ వెచ్చగానే ఉంటుంది. ఆవిరి తగ్గగానే, రెండు గంటలు దాటకముందే మూతపెట్టి ఫ్రిజ్‌లోకి చేర్చాలి. పొద్దున మిగిలేది చపాతీలు కాల్చడం, కూరగాయలు తరగడం మాత్రమే. దానికి 15 నిమిషాలు చాలు.

కాల్చిన చపాతీలకు రెండు చుక్కల నూనె రాసి, ఆవిరి పోయాక పొడి గుడ్డలో చుట్టి పెట్టాలి. నూనె తేమను పోనివ్వదు, గుడ్డ అదనపు తడిని పీల్చుకుంటుంది. చికెన్, వడకట్టిన పెరుగు, క్యాబేజీ, క్యారెట్ తురుము కలిపి చిన్న స్టీలు డబ్బాలో పెట్టాలి. ఆ డబ్బాను ఫ్రిజ్‌లోంచి చివర్లో తీసి, గడ్డకట్టించిన పావు లీటరు నీళ్ల సీసా పక్కన వేడి చొరబడని సంచిలో ఉంచాలి. చపాతీల డబ్బా ఈ సంచికి బయటే ఉండాలి.

ఈ సీసా సామర్థ్యం చూడండి. గ్రాము మంచు కరగడానికి 334 జౌళ్ల వేడి కావాలి. 250 గ్రాముల మంచు పూర్తిగా కరిగేలోపు దాదాపు 83 కిలోజౌళ్లు పీల్చుకుంటుంది. 150 గ్రాముల చికెన్ మిశ్రమం 5 నుంచి 35 డిగ్రీలకు వేడెక్కడానికి సుమారు 15 కిలోజౌళ్లు చాలు. అంటే బయటి నుంచి సంచిలోకి చొరబడే వేడిలో ఎక్కువ భాగాన్ని మంచే తీసుకుంటుంది. నీరు గడ్డకడితే ఘనపరిమాణం 9 శాతం దాకా పెరుగుతుంది కనుక సీసాను నిండా నింపొద్దు. మధ్యాహ్నానికి ఆ మంచు కరిగి తాగడానికి చల్లటి నీళ్లవుతాయి. ఆఫీసులో ఫ్రిజ్ ఉంటే చేరగానే డబ్బాను అందులో పెడితే సరిపోతుంది.

తినేముందు చేతులు సబ్బుతో కడుక్కుని, చపాతీ మీద కాస్త పల్లీల పొడో నువ్వుల పొడో చల్లి, పైన చికెన్ పరిచి చుట్టుకోవాలి. పొడి కొంత తడిని పీల్చుకుంటుంది, రుచీ ఇస్తుంది. సంచిలో మంచు పూర్తిగా కరిగి, చికెన్ డబ్బా ముట్టుకుంటే వెచ్చగా తగిలితే మాత్రం ఆ చికెన్ తినకుండా పారేయడమే మంచిది. వాసన బాగానే ఉందన్నది ధీమా కాదు. జబ్బు చేసే బ్యాక్టీరియా అన్నిసార్లూ వాసనతో హెచ్చరించదు. ఈ ఒక్క మాట పిల్లలకు ముందే చెప్పి పంపాలి.