కొండపైనుండి విశాఖ తీరము

విశాఖపట్టణపు బీచిరోడ్డుమీద మనలో పెక్కుమంది నడచినవారే. రామకృష్ణా బీచియందు నిలిచినవానికి ఎదుట అలలును, వెనుక మేడలును కనబడును గాని తీరముయొక్క వంపు కనబడదు. దానిని చూడగోరువాడు పైకెక్కవలయును. అట్లు పైనుండి ఛాయాచిత్రము తీయుటను గూర్చి నేడు విన్నవించెదను.

ఈ విద్య క్రొత్తది కాదు. 1858వ సంవత్సరమున ఫ్రాన్సుదేశమందు నాదారు అను నాతడు బెలూనెక్కి ఒక పల్లెను చిత్రించెను. ఆ చిత్రము మిగులలేదు. 1860లో బ్లాక్ అను నాతడు అమెరికాలోని బోస్టను నగరమును తీసిన చిత్రము మాత్రము నేటికిని నిలిచియున్నది. మనకు బెలూనుతో పనిలేదు, కైలాసగిరి కలదు. ఎక్కలేని పెద్దలకు రోప్‌వే కూడ ఉన్నది.

ఆ కొండపై నిలిచి నైరుతిదిక్కునకు చూచినచో తీరము కొడవలివలె వంగి, దూరమున డాల్ఫిన్స్ నోస్ అను కొండవరకు సాగును. ఏ వేళ తీయవలెను? మా అరసవల్లిలో మార్చి, అక్టోబరు నెలలయందు కొన్ని దినములు మాత్రమే ఉదయకిరణములు స్వామి పాదములను తాకును. వెలుగు వచ్చు దిక్కునుబట్టియే దర్శనము. ఇచ్చటను అంతే. ఉదయమున సూర్యుడు ఎడమచేతివైపు సముద్రముమీద నుండి ఇసుకను, మేడల ముఖములను వెలిగించును. సాయంకాలమున పడమటికి దిగి కెమెరా కంటిలో పడును, తీరము మసకబారును. వాన వెలిసిన మరునాటి ఉదయము మిక్కిలి శ్రేష్ఠము.

మీ మనుమలు డ్రోను తెచ్చి ఎగురవేసెదమన్నచో ఆపుడు. విశాఖ తూర్పు నౌకాదళమునకు ప్రధానస్థానము. 2021 నాటి డ్రోను నియమములు ఆకాశమును ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలములుగా విభజించినవి. ఎరుపు మండలమున కేంద్రప్రభుత్వ అనుమతి లేక ఎగురవేయరాదు.

ఇక ఇంత శ్రమ ఎందులకు? అందము కొరకే యైన నేను మిమ్ము కూర్చుండబెట్టి చెప్పియుండను. ఇసుక నడచునది. నైరుతి ఋతుపవనకాలమున ఏటవాలుగా వచ్చు అలలు దానిని ఉత్తరమునకు త్రోయును. ఈశాన్యపు గాలులు కొంత వెనుకకు మరల్చును. సంవత్సరము మొత్తముమీద ఉత్తరపు నడకయే హెచ్చు. 1933లో విశాఖ రేవు తెరువబడెను. తరువాత వెలుపలి రేవుకొరకు సముద్రములోనికి రాతిగట్లు కట్టిరి. ఎగువ రైతు కాలువకు అడ్డుకట్ట వేసినచో దిగువ చేను ఎండును గదా! అట్లే ఆ గట్లు దక్షిణపుటిసుకను పట్టుకొనగా, ఉత్తరమున నున్న బీచి కృశించుచు వచ్చెను. అందువలననే రేవువారు ఇసుకను త్రవ్వి తెచ్చి ఆ తీరమున పోయించుచు వచ్చిరి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఈ నగరముమీదనే విరుచుకొనిపడెను. పెదజాలరిపేటవంటి పల్లెలవారికి ఇసుక సన్నగిల్లినచో పడవ లాగుకొనుటకు, వల ఆరవేయుటకు తావుండదు.

ఈ హెచ్చుతగ్గులు నేలపై నిలిచినవానికి తెలియవు. ఒకేచోటనుండి ఏటేట తీసిన చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టినచో తెలియును. కాని ఒక జాగ్రత్త. ఆటుసమయమున ఇసుక వెడల్పుగాను, పోటుసమయమున సన్నముగాను కనబడును. అమావాస్య, పౌర్ణములయందు ఈ భేదము మరింత. కావున తేదీతోపాటు తిథియు, గంటయు చిత్రము వెనుక వ్రాయవలెను. పంచాంగమెరిగిన మీకిది కష్టముకాదు. కదలని గురుతు ఒకటి చిత్రములో పడునట్లు చూచుకొనుడు. బీచిరోడ్డు ప్రక్క మేడపైనుండి తీయువారికి, 2002 నుండి ప్రదర్శనశాలగా ఒడ్డున నిలిచియున్న కుర్సురా జలాంతర్గామి చాలును. వంశధార సముద్రమున గలియు మన కళింగపట్నమందైనచో దీపస్తంభము కలదు.