స్వయంచాలక గేరుపెట్టెలో నూనె పీడనము

గత మామిడికాయల కాలమున కొందఱు విద్యార్థులతో నూజివీడునుండి ఆగిరిపల్లి వైపు పోవుచుంటిని. బంగినపల్లి కాయలతో నిండిన లారీ యొకటి టైరు పగిలి బాటప్రక్కన నిలిచియుండెను. బక్కపలుచని క్లీనరు కుఱ్ఱవాడు జాకీ పెట్టి, కడ్డీని పైకిని క్రిందికిని ఆడించుచు ఆ బండిని లేపెను. అది చూచి ఒక విద్యార్థి, "మాస్టరుగారూ, మా మామయ్య కారులో క్లచ్చి తొక్కనక్కఱలేదు, గేరులు వాటంతట అవే మాఱును. అచ్చట తొక్కువారెవరు?" అని యడిగెను. ఆ జాకీయే తొక్కునని చెప్పితిని. పిల్లలు నవ్విరి గాని నేను పరిహాసమాడలేదు.

మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్నివైపులకును సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడగు పాస్కల్ తెలిపెను. జాకీలోని చిన్న ముషలకపు వైశాల్యము 1 చదరపు సెంటీమీటరు, పెద్దదానిది 20 అనుకొందము. చిన్నదానిపై 100 కిలోగ్రాముల బరువు మోపినచో పెద్దది 2,000 కిలోగ్రాములను మోయును. అయితే పెద్దది ఒక సెంటీమీటరు లేచుటకు చిన్నది మొత్తము 20 సెంటీమీటర్లు నడువవలెను. ఆ కుఱ్ఱవాని చేయి అన్నిసార్లు ఆడుటకు కారణమిదియే.

ఇక కారు సంగతి. అమెరికాలో జనరల్ మోటార్సు వారు 1939లో హైడ్రామాటిక్ అను గేరుపెట్టెను వెలువరించి, 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లకు అమర్చిరి. ఇట్టి పెట్టెలో కుఱ్ఱవాని చేతికి బదులు ఇంజనుతో తిరుగు పంపు కలదు. ఉంగరములవంటి పలకలు ఒకదాని ప్రక్క నొకటి యుండును. వానిలో సగము ఒక భాగమునకు, సగము వేఱొక భాగమునకు తగిలించబడును. చదరపు సెంటీమీటరునకు 10 కిలోగ్రాముల పీడనముగల నూనె, 100 చదరపు సెంటీమీటర్ల ముషలకమును నెట్టినచో, 1,000 కిలోగ్రాముల బలముతో పలకలు బిగిసి ఒక్కటిగా తిరుగును. నూనెను వదలినంతనే స్ప్రింగు ముషలకమును వెనుకకు నెట్టును. ఏ పలకలు బిగిసెనో దానినిబట్టి గేరు మాఱును.

ఎప్పుడు మార్చవలెనో తెలియుట యెట్లు? నాకు మిక్కిలి ముచ్చట గొలుపునది ఈ భాగమే. పాత పెట్టెలలో ఒక చిన్న కవాటమునకు రెండు కొనలయందును నూనె తగులును. కారు వేగము హెచ్చినకొలది ఒక కొనయందు పీడనము పెరుగును. పెడలు నొక్కినకొలది రెండవ కొనయందు పెరుగును. వేగము గెలిచినప్పుడు కవాటము జరిగి పై గేరు పడును. మిట్ట యెక్కుచు పెడలును గట్టిగా నొక్కినప్పుడు పై గేరు ఆలస్యమగుటకు ఇదియే హేతువు. నేడు ఈ తీర్పు కంప్యూటరుది. పలకలను నొక్కునది మాత్రము నూనెయే. క్లచ్చి పెడలు లేని కార్లన్నియు ఈ జాతివి కావనికూడ పిల్లలు గుర్తింపవలెను.

నూనెను నొక్కిన దాదాపుగా కుదించుకొనదు, గాలి కుదించుకొనును. నూనె తగ్గినచో పంపు గాలిని పీల్చును, పీడనము పడిపోవును, పలకలు జాఱి రాచుకొని మాడును. ఆ విద్యార్థి మామయ్య కారు క్రింద ఎఱ్ఱని మరకలు కొన్ని వారములుగా పడుచుండెనట. ఎవరును పట్టించుకొనలేదు. కాయల కాలము ముగియకముందే, నున్న మార్కెట్టునకు పోవు దారిలో ఇంజను గర్జించెను గాని కారు కదలలేదు. పెట్టె విప్పించగా బయటపడిన నల్లని పలక నొకదానిని ఆ బాలుడు బడికి తెచ్చెను. అది యిప్పుడు మా ప్రయోగశాల బీరువాలో, గాజు గొట్టముల ప్రక్కన నున్నది.