కొండ నీళ్ళు కడలిలో వెలిగే రాత్రి

నందికొండ మీద పొద్దు వాలుతోంది. 1,478 మీటర్ల ఎత్తున ఏనుగు నుదురులా నిలిచిన బూడిదరంగు బండ మీద పడమటి వెలుగు పలచని కుంకుమ నీళ్ళలా జారుతోంది. దిగువన చిక్కబళ్ళాపురం ద్రాక్షపందిళ్ళు ముదురాకుపచ్చ నుంచి నీలానికి, నీలం నుంచి నేరేడుపండు రంగుకి మెల్లమెల్లగా మారుతున్నాయి. దూరదూరంగా పరుచుకున్న చెరువులు తోమిపెట్టిన రాగి పళ్ళేల్లా ఒక్కొక్కటే మెరిసి, ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. కార్తీకపు చలి మొదలైంది. బండ పగులులో మొలిచిన గడ్డిపోచ కొనమీద మంచు ఒక బొట్టుగా కూడుకుంది. ఆఖరి ఎండని కడుపులో దాచుకుని, వణుకుతూ, బరువెక్కుతూ, చివరికి టప్పున రాలింది. ఆ బొట్టుకి చాలా దూరం పయనముంది.

మనది సముద్రం లేని సీమ. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పిల్లలకి చేపల వేట అంటే చెరువు కట్ట మీద కూర్చుని, ఎర్రని వానపామును గాలానికి గుచ్చి, బెండు ఎప్పుడు మునుగుతుందా అని ఊపిరి బిగబట్టి చూడటమే. మనకి తెలియకపోయినా మన నీళ్ళకి సముద్రం తెలుసు. చిక్కబళ్ళాపురం పక్కన చెన్నకేశవ కొండల్లో పుట్టిన ఉత్తర పినాకిని, మనం పెన్న అని పిలుచుకునే తల్లి, 597 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతాన్ని చేరుతుంది. బాగేపల్లి మీదుగా పారే చిత్రావతి గండికోట దగ్గర ఆ పెన్నలోనే కలుస్తుంది. చింతామణి తాలూకా తలగవార దగ్గర కళ్ళు తెరిచిన పాలారు కోలారు, కుప్పం సీమలు దాటి, తమిళనాట వాయలూరు దగ్గర అదే కడలిలో దిగుతుంది. మూడు ఊళ్ళ నీళ్ళూ చివరికి ఒకే ఉప్పు ఒడిలో తల వాలుస్తాయి.

రండి, ఆ బొట్టు వెంట నడుద్దాం. గండికోటలో నిప్పురంగు రాతిగోడల నడుమ సన్నని పచ్చని పాయై, కమలాపురం దగ్గర చెల్లెలు పాపాఘ్నిని చేయిపట్టుకుని, సోమశిల కొండల సందున కాసేపు నిలిచి, నెల్లూరులో రంగనాథుడి గోపురం నీడని ఒంటి మీద కప్పుకుని, ఊటుకూరు దగ్గర ఇసుకతిన్నెల మధ్య నది ఒక్కసారి చేతులు చాచుకుంటుంది. అంతదాకా గలగలమన్న నీరు అక్కడ మాట మానేస్తుంది. ఎదురుగా గుండెల నిండా మోగే మరో గొంతు ఉంది మరి.

నది కడలిలో కలిసే ఈ మొగకి దక్షిణాన మైపాడు తీరం. ఇక్కడి పొద్దుగూకులో ఒక వింత ఉంది. తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలో మునగడు. మన వీపు వెనక, సరుగుడు తోటల అవతల, తాటిచెట్ల గొడుగుల అవతల, మన నందికొండలున్న దిక్కునే దిగిపోతాడు. ఆయన్ని చూడాలని అందరూ వెనక్కి తిరుగుతారు. తిరగకండి. సముద్రం వైపే చూస్తూ ఉండండి. నీటి అంచు మీద బూడిద కలిసిన నీలపు పట్టీ ఒకటి నిశ్శబ్దంగా లేస్తుంది. దాని నెత్తిన లేత గులాబీ చార, పసిపాప అరికాలి రంగులో, ఉత్తరం నుంచి దక్షిణం దాకా విల్లులా వంగి ఉంటుంది. ఆ నీలం భూమి నీడ. మన కాళ్ళ కింది ఈ నేల, కొండలతో, చెరువులతో, ఊళ్ళతో సహా, తన నీడని తానే ఆకాశం మీద ఆరేసుకుంటోంది. నిమిషాలు గడిచే కొద్దీ ఆ నీడ పైకెక్కుతుంది, గులాబీ కరిగిపోతుంది. ఆ నీడ నిండా కమ్ముకోవడాన్నే మనం రాత్రి అంటున్నాం.

అప్పుడు గాలి తిరుగుతుంది. పగలంతా సముద్రం మీంచి నేల మీదికి వీచిన ఉప్పుగాలి ఆగి, ఒక క్షణం తాటాకు కూడా కదలదు. నేల త్వరగా చల్లబడుతుంది, నీరు వేడిని పట్టుకుని ఉంటుంది. అందుకే రాత్రి గాలి పడమర నుంచి, నేల మీద నుంచి, కడలి వైపు నడుస్తుంది. ఎండిన గడ్డి వాసన, పశువుల కొట్టాల పొగ వాసన, తడి మట్టి వాసన మోసుకుంటూ వచ్చే ఆ చల్లగాలిని వీపుకి తగిలించుకుని, జాలరుల పట్టపుపాళేల నుంచి పడవలు బయలుదేరతాయి. ఒడ్డున ఇంకో జట్టు అలివి వల లాగుతోంది. పడవ అర్ధచంద్రంలా చుట్టి వదిలిన ఆ పొడవాటి వలని రెండు కొసలా రెండు వరసలుగా పట్టుకుని, మోకాళ్ళు ఇసుకలో దిగబడేలా, ఒకే పదానికి ఒకే అడుగు వేస్తూ వెనక్కి నడుస్తారు. తడిసిన తాళ్ళు కిర్రుమంటాయి. వల కడుపు ఒడ్డుకి చేరేసరికి అందులో వెన్నెల ముక్కల్లాంటి కారలు, గాజుపుల్లల్లాంటి నెత్తళ్ళు, వెండి మొలతాడులా మెలికలు తిరిగే సావిడాయలు. చీకట్లో ఆ తళతళని చూస్తే ఆకాశం నుంచి ఏదో జారిపడిందనిపిస్తుంది.

చేపలు ఈ వేళకే ఎందుకు కదులుతాయి? భూమ్మీద అన్నిటికంటే పెద్ద వలస ప్రతి సాయంత్రం సముద్రంలోనే జరుగుతుంది. పగలు లోతు చీకట్లో తలదాచుకున్న లెక్కలేనన్ని చిరుప్రాణులు, గాజులాంటి ఒళ్ళు, వెంట్రుకల్లాంటి కాళ్ళు ఉన్నవి, పొద్దుగూకగానే మేత కోసం మీదికి లేస్తాయి. తెల్లవారుజామున మళ్ళీ దిగిపోతాయి. వాటి వెనక చిన్న చేపలు, చిన్న చేపల వెనక పెద్ద చేపలు. ఏ గంటా మోగదు, ఎవరూ పిలవరు. వెలుగు తగ్గడమే వాటికి పిలుపు.

మొగ దగ్గర, ఉప్పూ తీపీ కలిసే మసకనీళ్ళలో, ఈ వేళకి పండుగప్ప వేటకొస్తుంది. వెన్ను మీద తడి పలకరాయి నలుపు, పక్కల పాత వెండి మెరుపు, గూనిలా ఎత్తైన మెడ, లోపలికి వంగిన నుదురు. మీటరుకు పైగా పెరిగే ఈ చేప మునిగిన కొయ్యపక్కన కొయ్యలాగే నిలబడి ఉంటుంది. దీపం వెలుగు దాని కంట పడితే ఆ కన్ను నీళ్ళలో నిప్పుకణికలా ఎర్రగా మండుతుంది. మసక వెలుగుని కూడా వృథా పోనివ్వని అద్దంలాంటి పొర దాని కంటి వెనక ఉంది. ఇంకా వింత దాని జన్మ. మగదిగా ఎదిగి, కొన్నేళ్ళు మగదిగానే బతికి, ఆ తరవాత ఆడదై గుడ్లు పెడుతుంది. అమావాస్య పున్నాల పెద్ద పోటు చూసుకుని మొగ దగ్గరి ఉప్పునీళ్ళలో గుడ్లు వదులుతుంది. పిల్లలు మడ అడవుల కయ్యల్లోకి, దారి దొరికితే తీపినీళ్ళలోకి, నదిని ఎదిరిస్తూ పైకి పోతాయి.

ఇలాంటి నడకే మలుగుది కూడా. పాములాంటి ఆ చేప లోతు కడలిలో పుట్టి, రక్తం కూడా కనిపించనంత పారదర్శకమైన పిల్లగా తీరం చేరి, నదుల్లో ఏళ్ళకేళ్ళు బతికి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ సముద్రానికే పోతుంది. ఒకటి ఉప్పు నుంచి తీపికి వచ్చి పెరిగి ఉప్పుకి వెళ్ళి పుట్టిస్తుంది, ఇంకొకటి అందుకోసం నడిసంద్రం లోతుల దాకా పోతుంది. రెంటికీ తలుపు ఒకటే, ఈ నది నోరు.

చీకటి చిక్కబడింది. అమావాస్య దగ్గరి రాత్రి. ఇలాంటి కొన్ని రాత్రుల్లో, ఎప్పుడన్నది ముందుగా చెప్పలేం, ఆ అద్భుతం జరుగుతుంది. విసురు వల గుండ్రంగా విచ్చుకుని నీటిమీద పడగానే, పడిన చోటల్లా నీలినిప్పు రగులుతుంది. ప్రతి సీసపు గుండూ ఒక చుక్క, ప్రతి దారమూ ఒక గీత. వల కింద పారిపోయే బొంత చేప వెనక నీలిరంగు తోక ఒకటి గీసుకుంటూ పోతుంది. అల విరిగితే అంచు పొడవునా గాజు వెలుగు పగిలి చిందుతుంది. అరచేత నీళ్ళు తీసుకుంటే వేళ్ళ సందుల్లోంచి మిణుగురులు కారిపోతాయి. ఆవగింజలో సగమైనా ఉండని ఒంటికణపు ప్రాణి, నాక్టిల్యూకా, కదిలిస్తే చాలు వెలుగుతుంది. వేడి లేని వెలుగు, పొగ లేని మంట, రెప్పపాటైనా నిలవని మెరుపు. తినవచ్చినవాటిని బెదరగొట్టే ఉపాయమంటారు. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో అలలు ఇలాగే నీలంగా వెలిగితే జనం ఇసుకలో నిలబడి చూశారు.

తల ఎత్తితే తూర్పున నీళ్ళలోంచి పిల్లలకోడి లేచి ఉంటుంది, ఆరు నక్షత్రాల్ని రెక్కల కింద పొదువుకుని. ఇంకాసేపటికి గొర్రుకొయ్యలు నిలువుగా పైకెక్కుతాయి. పైన వెలుగు, కింద వెలుగు, నడుమ నల్లని పడవ. ఆ పడవ కింద ఉన్నవి ఎవరి నీళ్ళు? ఏ కొండ బొట్టు అక్కడ ఏ మెరుపుని మోస్తోంది? మన పొలాల మట్టి, మన ఆకుల సారం నదితో దిగి వచ్చి ఈ తీరపు నీళ్ళకి మేత అవుతాయి. సముద్రం తన తీరపు పంటని కొంత నేల చేతి నుంచే అందుకుంటుంది.

ప్రతి ఏడూ ఆ బొట్టు ఇక్కడిదాకా రాదు. వాన లేని ఏళ్ళలో చిత్రావతి బాగేపల్లి దగ్గర ఇసుకగీత, పాలారు నీళ్ళు లేని పేరు. 2021 నవంబరులో చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు ఒక్కసారి పొంగి, పెన్న నెల్లూరు దాకా ఉరకలెత్తింది. ఆ వరద ఇళ్ళని ముంచింది, ప్రాణాలు తీసుకుంది. నీటిదారి మూసేస్తే నీరు మనల్ని అడగకుండా తన దారి తానే చేసుకుంటుందని ఆ వరద చెప్పి వెళ్ళింది.

చెరువుకి చేరే రాజకాలువలో పూడిక తీసి పెట్టండి. ఏటి గర్భంలో ఇసుకని ఏటికే వదిలేయండి. ఒక్కసారైనా పిల్లల చేయిపట్టుకుని మైపాడు ఒడ్డుకి వెళ్ళి, చీకటి పడేదాకా కూర్చుని, వాళ్ళ అరచేతిలో ఆ ఉప్పునీళ్ళు పోయండి. ఇవి మన కొండ నీళ్ళేనని చెప్పండి.