శాస్త్ర పరిశోధనను తూచే తక్కెడ

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్దికాలానికి డెరెక్ ప్రైస్ అనే బ్రిటిష్ యువకుడు గణితం బోధించడానికి సింగపూర్‌లోని రాఫిల్స్ కళాశాలకు వెళ్ళాడు. అతడు భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొందినవాడు. కళాశాల గ్రంథాలయ భవనం అప్పటికింకా పూర్తి కానందున, లండన్ రాయల్ సొసైటీ వారి ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ పత్రిక పాత సంపుటాలను భద్రపరిచే బాధ్యత అతనిమీద పడింది. 1665లో తొలి సంచిక వెలువడినది మొదలు 1850 వరకు వచ్చిన ఆ సంపుటాలను ప్రైస్ తన పడకగదిలో, పదేళ్ళకొక దొంతర చొప్పున గోడవారగా పేర్చుకొని, రాత్రివేళల ఒక్కొక్కటే చదువసాగాడు. కొన్నాళ్ళకు అతని దృష్టి పుస్తకాల లోపలి విషయం నుంచి దొంతరల ఎత్తుమీదికి మళ్ళింది. ఎడమనుంచి కుడికి పోయేకొద్దీ దొంతరలు మెట్లవలె సమానంగా పెరగడం లేదు. ప్రతి దొంతరా తన ముందుదానిమీద ఇంతింతలుగా హెచ్చుతూ, గోడమీద ఒక వంపును గీస్తున్నది. చక్రవడ్డీకి అప్పు తెచ్చిన రైతుకు ఆ వంపు బాగా తెలుసు.

అది కేవలం ఒక పత్రిక విశేషం కాదని నిర్ధారించడానికి ప్రైస్ చాలా సంవత్సరాలు వెచ్చించాడు. పత్రికల సంఖ్యను లెక్కించినా, సంగ్రహ పత్రికలలో నమోదైన వ్యాసాలను లెక్కించినా, శాస్త్రజ్ఞుల తలలను లెక్కించినా అదే వంపు ఎదురైంది. శాస్త్ర వాఙ్మయం సుమారు 10 నుంచి 15 సంవత్సరాలకొకసారి రెట్టింపవుతున్నదని 1963లో వెలువడిన ‘లిటిల్ సైన్స్, బిగ్ సైన్స్’ అనే చిన్న గ్రంథంలో అతడు వివరించాడు. ఇందులోనుంచి ఒక వింత ఫలితం పుట్టుకొస్తుంది. 15 ఏళ్ళకొకసారి రెట్టింపయ్యేది 45 ఏళ్ళలో ఎనిమిదింతలవుతుంది. ఒక శాస్త్రజ్ఞుని పని జీవితం దాదాపు 45 ఏళ్ళనుకుంటే, సృష్ట్యాదినుంచి పుట్టిన శాస్త్రజ్ఞులందరిలోను ఎనిమిదింట ఏడు వంతులమంది ఇప్పుడు మన మధ్యనే ఉన్నారన్నమాట. అయితే ఈ వేగం శాశ్వతంగా సాగేది కాదని కూడా ప్రైస్ ఎరుగును. సాగితే కొంతకాలానికి దేశంలోని ప్రతి మనిషికీ, పెంపుడు కుక్కతో సహా, ఇద్దరేసి శాస్త్రజ్ఞులు తేలుతారని ఆయన పరిహాసమాడాడు. 2021లో ప్రచురితమైన ఒక అధ్యయనం దీర్ఘకాలిక వృద్ధిని ఏటా 4.1 శాతంగా, రెట్టింపు కావడానికి పట్టే కాలాన్ని 17 ఏళ్ళకు పైచిలుకుగా లెక్కగట్టింది. సింగపూర్ గోడమీది వంపు కొంచెం నెమ్మదించినా ఇంకా వంగలేదు.

దొంతరలు పెరుగుతున్నవి, నిజమే. వాటిని పెంచుతున్నవారెవరు? ఈ ప్రశ్నను ప్రైస్ కంటే ముందే, 1926లో, ఆల్ఫ్రెడ్ లోట్కా అనే గణాంకవేత్త అడిగాడు. న్యూయార్కులోని ఒక జీవిత బీమా సంస్థలో ఉద్యోగం చేస్తూ ఆయన ‘కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్’ పదేళ్ళ సూచికలో ఎ, బి అక్షరాలతో మొదలయ్యే రచయితలను ఓపికగా లెక్కించాడు. వారిలో దాదాపు 60 శాతంమంది ఆ పదేళ్ళలో ఒక్క పత్రం వ్రాసి ఊరుకున్నవారే. రెండు వ్రాసినవారు ఒకటి వ్రాసినవారిలో నాలుగవ వంతు. మూడు వ్రాసినవారు తొమ్మిదవ వంతు. అంటే రసాయనశాస్త్రమనే ఆ పెద్ద దొంతరను కొద్దిమంది మాత్రమే పదేపదే మోస్తున్నారు.

ఇంతవరకు జరిగినది లెక్క మాత్రమే, తూకం కాదు. వేయి పత్రాలు వ్రాసిన వ్యక్తి ఒక్క పత్రం వ్రాసినవానికంటె గొప్పవాడని ఎవరూ అనరు. ఒక పత్రం ఇతరులకెంత ఉపయోగపడిందో తెలుసుకొనేదెట్లా? దీనికి దారి న్యాయవాదుల దగ్గర దొరికింది. అమెరికాలో ఒక తీర్పును కోర్టులో ఉదహరించబోయే వకీలు, ఆ తీర్పును తరువాతి న్యాయమూర్తులు సమర్థించారా, కొట్టివేశారా అన్నది ముందుగా చూసుకోవాలి. ఇందుకోసం ఫ్రాంక్ షెపర్డ్ అనే ప్రచురణకర్త 1873లోనే ఒక సూచిక ప్రారంభించాడు. ఆ సంస్థలో పనిచేసి విశ్రమించిన ఒక పెద్దమనిషి ఉత్తరం ద్వారా ఈ సంగతి యూజిన్ గార్ఫీల్డ్ చెవిని పడింది. గార్ఫీల్డ్ కొలంబియాలో రసాయనశాస్త్రం చదివి, ప్రయోగశాలకంటె గ్రంథాలయం మేలని తలచినవాడు. శాస్త్రానికి కూడా అటువంటి సూచిక కావాలని 1955లో ‘సైన్స్’ పత్రికలో ప్రతిపాదించి, 1960లో ఫిలడెల్ఫియాలో స్వంత సంస్థను నెలకొల్పాడు. 1961 సంవత్సరపు 613 పత్రికలను వడపోసి, వాటి చివర ఉన్న సుమారు 14 లక్షల ఉల్లేఖనాలను తిరగవేసి, ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ను అచ్చువేశాడు.

తిరగవేయడమనే మాటలోనే దీని కిటుకంతా ఉన్నది. సాధారణంగా ఒక పరిశోధనా పత్రం చివర ఉన్న పట్టిక వెనుకకు చూస్తుంది: ఈ రచయిత ఎవరెవరిని చదివాడు? గార్ఫీల్డ్ సూచిక ముందుకు చూస్తుంది: ఈ పత్రాన్ని తరువాత ఎవరెవరు వాడుకున్నారు? పాత పత్రం ఒకటి చేతపట్టుకొని, దాని సంతానమంతా ఎక్కడెక్కడ స్థిరపడిందో వెతుక్కోవచ్చు. గార్ఫీల్డ్ దీనిని ప్రధానంగా వెతుకులాటకే ఉద్దేశించాడు. కాని తల్లి ఎవరో, పిల్లలెవరో తెలిసిన తరువాత పిల్లలను లెక్కపెట్టకుండా ఎవరుండగలరు?

లెక్కపెట్టగా మొదట తేలినది చాలామందికి మింగుడు పడలేదు. అత్యధికంగా ఉల్లేఖించబడిన పత్రం ఐన్‌స్టైన్‌ది కాదు, డి.ఎన్.ఎ. జంట మెలికను వివరించిన 1953 నాటి పత్రమూ కాదు. ఆ స్థానం ఆలివర్ లౌరీ, ఆయన సహచరులు 1951లో ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’లో ప్రకటించిన ఒక కొలత పద్ధతిది. ఒక ద్రావణంలో ప్రోటీను ఎంతున్నదో అది చెబుతుంది: కారకాలు కలిపితే నీలిరంగు వస్తుంది, రంగు ఎంత చిక్కనైతే ప్రోటీను అంత ఎక్కువ. 2014 నాటికి ఆ పత్రానికి 3 లక్షలకు పైగా ఉల్లేఖనాలు వచ్చాయి. అదే సంవత్సరం తయారైన తొలి వంద పత్రాల జాబితాలో డి.ఎన్.ఎ. పత్రానికి చోటే దొరకలేదు. తన పత్రం అంత గొప్పదేమీ కాదని లౌరీకే బాగా తెలుసు.

అదే పత్రికలో అంతకు 26 సంవత్సరాల ముందు, 1925లో, మరొక నీలిరంగు పత్రం వెలువడింది. రక్తంలోను, మూత్రంలోను, కండరంలోను ఉన్న ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి అది. ఆమ్లంలో కరిగించిన మాలిబ్డేటు ఫాస్ఫేటుతో కలిసి ఒక సంయోగ పదార్థమవుతుంది. దానిని తగిన కారకంతో క్షయకరణం చేస్తే నీలివర్ణం తేలుతుంది. రచయితలు హార్వర్డ్ వైద్య కళాశాలకు చెందిన సైరస్ ఫిస్క్, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఈ నీలిరంగు చేతికి చిక్కిన తరువాతనే వారిద్దరూ 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని గుర్తించగలిగారు. జీవరసాయన శాస్త్రం చదివిన ప్రతి విద్యార్థీ ఫిస్క్–సుబ్బారావు పద్ధతిని చేతులకు రంగంటించుకొని నేర్చినవాడే. 1960, 70 దశకాల సూచికలలో అత్యధిక ఉల్లేఖనాలు పొందిన పత్రాల వరుసలో, 40 ఏళ్ళు దాటిన ఈ ముసలి పత్రం కూడా నిలబడింది.

కాని ఆ అచ్చు సూచికలో సుబ్బారావుకోసం వెతికినవారికి ఈ పత్రం దొరికేది కాదు. ఉల్లేఖించబడిన ప్రతి పత్రాన్నీ మొదటి రచయిత పేరు కింద మాత్రమే చూపడం ఆ సూచిక పద్ధతి. వేలకొలది ఉల్లేఖనాలూ ఫిస్క్ ఖాతాలో జమపడ్డాయి. స్థలాభావంవల్ల చేసుకున్న ఏర్పాటు అది. ఎవరి దురుద్దేశమూ లేదు. ఫలితం మాత్రం ఫలితమే.

పేర్ల చిక్కు అంతటితో ఆగదు. ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక ఉండడం తెలుగువారి ఆచారం. సూచికలు చివరి పదాన్ని వంశనామంగా తీసుకొని, మిగిలినవాటిని పొడి అక్షరాలుగా కత్తిరిస్తాయి. ఈ లెక్కన ఎల్లాప్రగడవారి ఇంటిపేరు ఒక్క ‘వై’గా మిగిలింది. పాస్‌పోర్టు కాగితాలలో ఈ అవస్థ పడని తెలుగు కుటుంబం విదేశాలలో అరుదు. ఒకే వ్యక్తి పత్రాలు కొన్ని ఇంటిపేరు కింద, కొన్ని ‘రావు’ కిందా చీలిపోతాయి. మరొకవైపు, పొడి అక్షరం కలిసిన పాపానికి పదిమంది రెడ్లు ఒకే మహా శాస్త్రజ్ఞుడై వెలుగొందుతారు. పరిశోధకులకు తలా ఒక 16 అంకెల సంఖ్యనిచ్చే ‘ఆర్కిడ్’ అనే ఏర్పాటు 2012లో వచ్చిన తరువాత ఈ గందరగోళం కొంత తగ్గింది, సంఖ్యను తీసుకున్నవారి మట్టుకు.

వాడుక మరీ ఎక్కువైతే ఉల్లేఖనమే మాయమవుతుందన్నది మరొక విచిత్రం. ‘రామన్ వర్ణపటం’ అని వ్రాసే రసాయనవేత్త 1928 నాటి రామన్ పత్రాన్ని ఉదహరించడు. ఆ పేరు మామూలు మాటలలో కలిసిపోయింది. మెండెల్ 1866లో ప్రకటించిన పత్రానిది దీనికి పూర్తిగా ఎదురు కథ: 1900 వరకు దానిని పట్టించుకున్నవారే లేరన్నంత పని. రెండేళ్ళకో ఐదేళ్ళకో తక్కెడ తీసే పరీక్షాధికారి ముందు ఆయన తప్పక తప్పేవాడు.

అటువంటి రెండేళ్ళ తక్కెడ నిజంగానే ఉన్నది. దానిని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటారు, ప్రభావ గుణకం అనవచ్చు. ఒక పత్రిక గడచిన రెండు సంవత్సరాలలో 200 వ్యాసాలు ప్రచురించిందని, ఈ సంవత్సరం వాటికి 500 ఉల్లేఖనాలు వచ్చాయని అనుకుందాం, గుణకం 2.5. ఏ పత్రికలను తన సూచికలో చేర్చాలో ఎంచడానికి గార్ఫీల్డ్, ఆయన సహచరుడు ఇర్వింగ్ షేర్ కలిసి దీనిని కల్పించారు. అది పత్రికకు వేసిన మార్కు. అందులోని వ్యాసానికి గాని, వ్యాసకర్తకు గాని వేసినది కాదు. ఈ భేదం ఎంతటిదో స్ఫటికశాస్త్రవేత్తలకు స్వానుభవం. జార్జ్ షెల్డ్రిక్ అనే జర్మనీ ఆచార్యుడు స్ఫటిక నిర్మాణాలను తేల్చే తన కంప్యూటర్ ప్రోగ్రాముల చరిత్రను 2008లో ‘ఆక్టా క్రిస్టలోగ్రాఫికా–ఎ’లో వ్రాసి, ప్రోగ్రాము వాడినవారు ఆ వ్యాసాన్ని ఉదహరించవచ్చునని సూచించాడు. అందరూ ఉదహరించారు. అంతవరకు 2 దగ్గర ఉన్న ఆ పత్రిక గుణకం 2009లో 49.9కి ఎగబాకింది. అదే పత్రికలో వ్రాసిన మిగతావారి వ్యాసాలు ముందెంత చదవబడ్డాయో అప్పుడూ అంతే. రెండేళ్ళ గడువు తీరగానే, 2011లో, గుణకం మళ్ళీ 2కు దిగివచ్చింది.

వ్యక్తులను నేరుగా కొలవడానికి కాలిఫోర్నియా భౌతికశాస్త్రజ్ఞుడు హోర్హే హిర్ష్ 2005లో ‘హెచ్ సూచిక’ను ప్రతిపాదించాడు. కనీసం 20 ఉల్లేఖనాలు పొందిన పత్రాలు 20 ఉంటే సూచిక 20. సులభమైనది కనుక వెంటనే వ్యాపించింది. జీవితంలో మూడే మూడు పత్రాలు వ్రాసినవాడు, అవి లోకాన్ని తలకిందులు చేసినా సరే, ఈ సూచికలో 3 దాటలేడు.

ఈ అంకెలు గ్రంథాలయాలలోనే ఉండిపోతే చిక్కులేకపోయేది. అమెరికాలో ‘అసాధారణ ప్రతిభ’ కింద గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేసే శాస్త్రజ్ఞుని ఫైలులో ఉల్లేఖనాల లెక్క ఒక ముఖ్యమైన కాగితం. వీటిని వకీళ్ళే అడిగి తెప్పిస్తారు. షెపర్డ్ సూచిక ఈ విధంగా తిరిగి వకీళ్ళ చెంతకే చేరింది. భారతదేశంలో 2009 నిబంధనల ప్రకారం పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసం సమర్పించడానికి ముందు కనీసం ఒక పత్రం అచ్చుకావాలి. 2010 నుంచి అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు పత్రానికిన్ని మార్కులని నిర్ణయించారు. గిరాకీ పుట్టిన చోట సరుకు పుడుతుంది. రుసుము చెల్లిస్తే పరిశీలన లేకుండానే ప్రచురించే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2018లో తన ఆమోదిత జాబితానుంచి వేలాది పత్రికలను తొలగించవలసి వచ్చింది. పత్రికలను నిజాయితీగా పరిశీలిస్తున్నామని శాస్త్రజ్ఞులను నమ్మించి మోసగించారంటూ హైదరాబాదు మూలాలు గల ఒక ప్రచురణ సంస్థపై 2019లో అమెరికా న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా తీర్పు ఇచ్చింది. పిహెచ్.డి.కి ముందు పత్రం తప్పనిసరి అన్న నియమాన్ని 2022లో ఉపసంహరించారు. ఈలోగా పత్రాల సంఖ్యలో భారతదేశం చైనా, అమెరికాల తరువాత మూడవ స్థానానికి చేరింది. ఆ సంఖ్యలో గింజ ఎంత, పొల్లు ఎంత అన్నది చేటలో పోసి చెరిగితే గాని తెలియదు. చెరగడమంటే, పత్రాలను చదవడం.

సుబ్బారావు 1940లో హార్వర్డ్‌ను వదలి లెడర్లీ ఔషధ సంస్థ పరిశోధనాలయానికి వెళ్ళాడు. ఫోలిక్ ఆమ్లం తయారీ, ఆరియోమైసిన్ అక్కడి ఫలాలే. ఔషధ సంస్థలలో జరిగే పని చాలావరకు పేటెంట్లలోను, నోటు పుస్తకాలలోను మిగిలిపోతుంది. అచ్చయినదానిలో కూడా ఆయన పేరు ఇతరుల పేర్ల వెనుకనో, అసలు లేకుండానో ఉంటుంది. బోదకాలుకు మందైన డైఇథైల్‌కార్బమజీన్‌ను ప్రకటించిన 1947 నాటి పత్రంలో సుబ్బారావుది చిట్టచివరి పేరు. 2004లో భారత ప్రభుత్వం బోదకాలు నిర్మూలనకు సామూహికంగా మాత్రలు పంచడం మొదలుపెట్టినప్పుడు, ఆయన పుట్టిన గోదావరి జిల్లాలలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించినవి ఆ డైఇథైల్‌కార్బమజీన్ మాత్రలే.