కొమ్మకు వేరొచ్చే దాకా

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మొవ్వు విరిగిన కొబ్బరిచెట్టు మళ్లీ లేవదు. కొత్త చెట్టు కావాలంటే కాయ నాటి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిందే. అదే గాలికి పెరట్లో మందారం విరిగిందనుకోండి, ఆ విరిగిన కొమ్మలతోనే నాలుగైదు మొక్కలు చేసుకోవచ్చు. ఈ తేడా ఎందుకు?

మందారం కొమ్మలో బెరడుకీ లోపలి చెక్కకీ మధ్య పలచటి పొర ఒకటి ఉంటుంది. కాంబియం అంటారు. మొక్క బతికున్నంత కాలం అక్కడ కొత్త కణాలు పుడుతూనే ఉంటాయి. కోత పడితే ఆ పొర చుట్టుపక్కల కణాలే ముందు గాయాన్ని మాన్పుతాయి, తర్వాత వేళ్లు తొడుగుతాయి. కొబ్బరికి ఆ పొరా లేదు, కొమ్మలూ లేవు. దాని ఎదుగుదలంతా మొవ్వులోనే.

కణాలు వేళ్లుగా మారడానికి ఆక్సిన్ అనే హార్మోను కావాలి. అది చిగుళ్లలో తయారై కిందికి దిగుతుంది. 1928లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకల మీద ప్రయోగాలు చేసి దీని ఉనికిని రుజువు చేశాడు. విత్తనాల కొట్లలో రూటింగ్ హార్మోను పేరుతో అమ్మే పొడిలో ఉండేది ఈ జాతి పదార్థమే. మందారానికి అది లేకపోయినా ఫరవాలేదు. వేరు పట్టడానికి మొండికేసే కాగితంపూలకు మాత్రం పనికొస్తుంది.

అయితే నాటిన కొమ్మల్లో చాలావరకు చచ్చేది హార్మోను లేక కాదు. తల్లి నుంచి వేరుపడిన కొమ్మకు నీళ్లు తాగే వేరు లేదు, ఆకులేమో నీటిని ఆవిరి చేస్తూనే ఉంటాయి. వేరొచ్చే దాకా ఈ ఖర్చును తగ్గించడమే మనం చేయాల్సిన పని. రోహిణి కార్తె వడగాలిలో అది కష్టం. ఆరుద్ర నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వానలు పడి గాలిలో తేమ పెరుగుతుంది. కొమ్మలు నాటడానికి అదే అదును.

పెన్సిలంత లావున్న, మరీ లేతదీ మరీ ముదురుదీ కాని కొమ్మను జానెడు పొడవున, కణుపుకి సరిగ్గా కింద కోయండి. పువ్వులు, మొగ్గలు తుంచేయండి. పైన రెండాకులు ఉంచి, వాటినీ సగానికి కత్తిరించండి. రెండు కణుపులు లోపలికి వెళ్లేలా నాటండి. ఏటి ఇసుక, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలిపితే చాలు. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, వాడొద్దు. గత్తం కూడా ఇప్పుడే వద్దు, పచ్చికోత కుళ్లుతుంది. కుండీని నీడలో పెట్టి, పైన పలచటి ప్లాస్టిక్ సంచి బోర్లిస్తే తేమ నిలుస్తుంది. మట్టి తడిగా ఉండాలి, నీళ్లు నిలవకూడదు. నాలుగు నుంచి ఆరు వారాల్లో మందారం, నందివర్ధనం వేరు పడతాయి. చిగురు కనబడగానే సంబరపడి పీకి చూడొద్దు. కొమ్మలో దాచుకున్న ఆహారంతో వేరు లేకుండానే చిగుర్లు రావచ్చు.

అన్ని పొదలకూ ఇదే పద్ధతి నడవదు. దేవగన్నేరు కొమ్మను వేసవిలో కోసి, పాలు ఆరేదాకా వారం రోజులు నీడలో ఉంచాకే నాటాలి. తడి కోతతో నాటితే కుళ్లిపోతుంది. గన్నేరు నీళ్ల సీసాలో పెట్టినా వేళ్లు తొడుగుతుంది. కానీ దాని పాలు, ఆకులు, కొమ్మలు అన్నీ విషమే. కోశాక చేతులు కడుక్కోండి, తుంచిన ఆకుల్ని పశువులకు అందనివ్వకండి. మల్లెకు నేలంటు తొక్కడం తేలిక. పొడుగాటి తీగను వంచి, ఒక కణుపును మట్టిలో పూడ్చి, రెండు మూడు నెలలకు వేరుచేయాలి.

నూరువరహాలు ఆలస్యంగా వేరు పడతాయి. వాటికి గాలంటు మంచిది. కొమ్మ చుట్టూ అంగుళం మేర బెరడు ఒలిచి, తడి కొబ్బరిపొట్టు పెట్టి ప్లాస్టిక్ కాగితంతో బిగించి కట్టాలి. నీళ్లు లోపలి చెక్కలోంచి పైకి వెళ్తూనే ఉంటాయి. బెరడులోంచి దిగే ఆహారం, ఆక్సిన్ మాత్రం ఒలిచిన చోట ఆగిపోతాయి. వేళ్లు అక్కడే పుట్టుకొస్తాయి. అవి నిండుగా కనిపించాక కట్టు కింద కోసి నాటాలి.

కనకాంబరాల్లో నాటు రకానికి గింజలొస్తాయి. ఎండిన కాయకు తడి తగిలితే చిట్లి గింజలు చెదిరిపోతాయి కనుక ముందే ఏరుకోవాలి. ఢిల్లీ కనకాంబరానికి గింజ పట్టదు, దానికి కొమ్మే దిక్కు.

గింజ మొక్క తల్లిలాగే ఉంటుందన్న హామీ లేదు. కొమ్మ మొక్క మాత్రం తల్లికి అచ్చమైన నకలు. కడియం నర్సరీల నుంచి వచ్చే కొత్త రకాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కాదనం. కానీ పొరుగింటి పెరట్లో ఏళ్లుగా పూస్తున్న మందారం మీ ఊరి నేలనీ, ఉప్పుగాలినీ, తుఫానునీ తట్టుకుని నిలిచింది. ఆ ఓర్పంతా దాని కొమ్మతో మీ ఇంటికొస్తుంది. అందుకని ఈ వానాకాలం మొహమాటపడకుండా ఆ ఇంటివాళ్లనే ఒక కొమ్మ అడగండి. పిండినల్లి పట్టని కొమ్మ చూసి మరీ కోసుకోండి.