సింకు కింది యాంగిల్ కాక్ మార్చాలంటే

వంటింటి సింకు కింద, గోడలోంచి బయటికి వచ్చిన చిన్న కుళాయి లాంటిదే యాంగిల్ కాక్. పై కుళాయి చెడినా, కనెక్షన్ పైపు పగిలినా ఇల్లంతటికీ నీళ్లు ఆపనక్కర్లేకుండా అక్కడొక్క చోటే కట్టేయడానికి దాన్ని పెడతారు. ఏళ్ల తరబడి ఎవరూ తిప్పరు కాబట్టి అవసరమైన రోజున కదలదు. బోరు నీళ్లయితే ఉప్పు పేరుకుని మరింత బిగుసుకుపోతుంది. పాత రకాల్లో లోపలి రబ్బరు వాషరు అరిగి, కట్టేసినా నీళ్లు కారుతూనే ఉంటాయి. అప్పుడు మార్చేయడమే మేలు.

ముందు ట్యాంకు దగ్గరి వాల్వు కట్టేయండి. గీజరు లైనైతే గీజరు కూడా ఆపండి. తర్వాత ఇంట్లో అన్నిటికన్నా కిందున్న కుళాయి తిప్పి, పైపులోని నీళ్లు పూర్తిగా పోనివ్వండి. ట్యాంకు 10 మీటర్ల ఎత్తులో ఉంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి ఉంటుంది. నీళ్లు ఆగాయని రూఢి చేసుకోకుండా పానా పట్టకూడదు.

కింద బకెట్ పెట్టి, ముందు కనెక్షన్ పైపు విప్పాలి. తర్వాత యాంగిల్ కాక్‌ను ఎడమకు నెమ్మదిగా తిప్పాలి. అసలు జాగ్రత్త ఇక్కడే. ఇప్పటి ఇళ్లలో గోడ లోపలివి ఎక్కువగా సీపీవీసీ పైపులు. బలవంతం చేస్తే లోపలి ఎల్బో పగులుతుంది, టైల్స్ కొట్టాల్సి వస్తుంది. మొండికేస్తే అక్కడితో ఆపి ప్లంబర్‌ను పిలవండి.

కొత్తది సాధారణంగా అరంగుళం, అంటే 15 మిల్లీమీటర్ల సైజు. సిరామిక్ డిస్కు రకమైతే పావు చుట్టుతోనే కట్టుకుంటుంది. గోడలోని మరలు శుభ్రం చేసి, కొత్తదాని మరల మీద టెఫ్లాన్ టేపును బిగించే దిశలోనే, అంటే కుడివైపుకి, గట్టిగా చుట్టండి. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు ఊడిపోతుంది. గోడకు ఆనే బిళ్ల తొడిగి, చేత్తో తిప్పగలిగినంత తిప్పి, చివర్లోనే పానా వాడండి. మూతి పైకి రావాలని వెనక్కి తిప్పకండి, టేపు పట్టు పోయి నీళ్లు కారతాయి. మూతి పైకి వచ్చే చోటు దాటిపోతే విప్పి, కొత్త టేపుతో మళ్లీ మొదలుపెట్టాలి. తర్వాత కనెక్షన్ పైపు మళ్లీ బిగించండి. దానికి లోపల వాషరు ఉంటుంది, టేపు అక్కర్లేదు.

యాంగిల్ కాక్ కట్టేసి ఉంచి, ట్యాంకు వాల్వు మెల్లగా తిప్పండి. అతుకుల చుట్టూ పొడి కాగితం ఆనించి చూడండి. కాగితం తడవకపోతే కాక్ తెరిచి, కనెక్షన్ పైపు దగ్గరా అలాగే చూడండి.

ఇకనుంచి నెలకోసారి దాన్ని కట్టి తెరుస్తూ ఉండండి. ట్యాంకు వాల్వు ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి. పైపు పగిలినప్పుడు ఇంట్లో ఎవరున్నా నీళ్లు ఆపగలగాలి.