పాత కాగితం పారేయొద్దు

ఒక అక్క సంగతి అనుకుందాం. 2013లో ఆమెకు మూత్రంలో రక్తం పడింది. నొప్పి లేదు. అయినా పెద్దాసుపత్రికి వెళ్లింది. కిడ్నీలో క్యాన్సర్ గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ చేసి ఎడమ కిడ్నీ తీసేశారు. మిగిలిన ఒక్క కిడ్నీతో ఆమె బాగానే ఉంది. పొలం పనికి పోతోంది.

ఈమధ్య ఆమె మెడ ముందు చిన్న గడ్డ లేచింది. "పాత ఆపరేషన్‌కూ దీనికీ ఏం సంబంధం? కిడ్నీ ఎక్కడ, మెడ ఎక్కడ?" అంది పక్కింటామె.

సంబంధం ఉండొచ్చు. ఎలాగో చూద్దాం.

కిడ్నీలు రెండు. వెన్నెముకకు అటొకటి, ఇటొకటి ఉంటాయి. రక్తాన్ని వడగట్టి మూత్రం తయారు చేస్తాయి. మెడ ముందు భాగంలో థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. అది సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది.

క్యాన్సర్ కణాలు కంటికి కనబడవు. కొన్ని కణాలు రక్తంలో కలిసి వేరే చోటికి పోతాయి. గాలికి ఎగిరిన గడ్డి గింజ పక్క చేలో మొలిచినట్టు, అక్కడ పెరుగుతాయి. కిడ్నీ క్యాన్సర్ ఎక్కువగా ఊపిరితిత్తులకు, ఎముకలకు పాకుతుంది. థైరాయిడ్‌కు పాకడం అరుదు. పాకితే మాత్రం, ఆపరేషన్ అయిన పదేళ్లకు, ఇరవై ఏళ్లకు కూడా బయటపడవచ్చు.

మెడలో గడ్డ కనబడగానే భయపడొద్దు. చాలా గడ్డలు క్యాన్సర్ కావు. కానీ చూపించుకోవాలి. స్కానింగ్ తీస్తారు. సన్నని సూదితో గడ్డలోంచి కొంచెం తీసి పరీక్ష చేస్తారు.

డాక్టరు అడగకపోయినా పాత ఆపరేషన్ సంగతి మనమే చెప్పాలి. ఎందుకంటే, కిడ్నీ నుంచి పాకింది మెడలో ఉన్నా కిడ్నీ క్యాన్సరే. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఇచ్చే అయోడిన్ మందు దానికి పనిచేయదు. వైద్యం వేరు. గడ్డ అక్కడ ఒక్కచోటే ఉంటే ఆపరేషన్ చేసి తీయవచ్చు. వేరే చోట్ల కూడా ఉంటే మందులు వాడతారు. థైరాయిడ్ మొత్తం తీసేస్తే రోజూ మాత్ర వేసుకోవాలి.

ఆ అక్క ట్రంకుపెట్టె తెరిచింది. ఆసుపత్రి కాగితాలు దొరికాయి. అవి ఇంగ్లీషులో ఉన్నాయి. అడుగున తన వేలిముద్ర ఉంది. అప్పుడు ఆమెకు చదువు రాదు. ఇప్పుడు వచ్చు. ఒక చీటీ మీద తనే రాసింది: "2013లో ఎడమ కిడ్నీకి క్యాన్సర్ ఆపరేషన్ అయింది." కాగితాలకు ఆ చీటీ గుచ్చి డాక్టరు చేతిలో పెట్టింది.

మీ ఇంట్లో ఎవరికైనా పెద్ద ఆపరేషన్ అయిందా? ఏ జబ్బుకు, ఏ సంవత్సరంలో? ఈరోజే రాసి, కాగితాలతో దాచిపెట్టండి.